దీవి మట్టిలో సీజియం ఎంత వేగంగా తగ్గుతోంది? వరంగల్‌లో కూర్చొని లెక్క కట్టడం ఎలా

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుల కాలం రాగానే హనుమకొండ, కాజీపేట వైపు నుంచి ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తుంటుంది. "సార్, సీజియం-137 హాఫ్ లైఫ్ 30 ఏళ్లని పుస్తకంలో ఉంది. మార్షల్ దీవుల పేపర్లలో ఎనిమిదిన్నర ఏళ్లని రాశారు. మాకు లెక్క కడితే పదో, పద్నాలుగో వస్తోంది. ఏది రైటు?"

అన్నీ రైటే కావచ్చు, అన్నీ తప్పూ కావచ్చు. దేని హాఫ్ లైఫ్ (సగానికి తగ్గడానికి పట్టే కాలం) అడుగుతున్నారో ముందు తేలాలి. అణు ధూళి మట్టిలో తగ్గడాన్ని ఇంట్లో ల్యాప్‌టాప్ మీద, కాలేజీ ల్యాబ్‌లో ఎలా లెక్క కట్టాలో, ఎక్కడ బోల్తా పడతారో ఇక్కడ రాస్తున్నాను.

సిద్ధాంతం ఎంత కావాలో అంతే చెబుతాను. 1946 నుంచి 1958 వరకు అమెరికా పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న మార్షల్ దీవుల్లోని బికినీ, ఎనివెటాక్ పగడపు దీవుల దగ్గర 67 అణు పరీక్షలు చేసింది. 1954 మార్చి 1న పేల్చిన 15 మెగాటన్నుల 'బ్రావో' బాంబు ధూళి తూర్పున ఉన్న రోంగెలాప్ మీద కూడా పడింది. ఆ మట్టి నుంచి ఇప్పటికీ మనుషులకు అందే రేడియేషన్ మోతాదుకు ముఖ్య కారణం సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం. అది రెండు దారుల్లో తగ్గుతుంది. అడుగున చిల్లు పడ్డ కుండలో నీళ్లు ఎండకు ఆవిరవుతూ, చిల్లులోంచి కారుతూ తగ్గినట్టన్నమాట. ఆవిరి అంటే రేడియోధార్మిక క్షయం: దాన్ని ఎవరూ ఆపలేరు, అది ఎక్కడైనా ఒకటే. చిల్లు అంటే వాన నీటితో వేళ్ల పొర దాటి భూగర్భ జలంలోకి దిగిపోవడం: అది ఆ మట్టినిబట్టి, ఆ వానలనుబట్టి మారుతుంది.

గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే. తగ్గుదల రేట్లను కూడవచ్చు, హాఫ్ లైఫ్‌లను కూడకూడదు. 0.693ని హాఫ్ లైఫ్‌తో భాగిస్తే ఏడాదికి రేటు వస్తుంది. సీజియం క్షయానికి (కచ్చితంగా చెప్పాలంటే హాఫ్ లైఫ్ 30.1 ఏళ్లు) అది 0.0230.

కావలసినవి

లెక్క భాగానికి: ఎక్సెల్ గానీ లిబ్రే ఆఫీస్ గానీ ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా చాలు. ఒకే చోట వేర్వేరు ఏళ్లలో తీసిన కొలతలు కావాలి. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ లాబొరేటరీ వాళ్లు ఈ దీవుల కొలతలను దశాబ్దాలుగా ప్రచురించారు. 1978లో ఉత్తర మార్షల్ దీవుల మీద పెద్ద సర్వే కూడా జరిగింది. అక్కడి నుంచి మట్టి తెప్పిద్దామన్న ఆలోచన మాత్రం వదిలేయండి. విదేశీ మట్టిని దేశంలోకి తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ అనుమతి ఉండాలి, పైగా అది మామూలు మట్టి కూడా కాదు.

ల్యాబ్ భాగానికి: సీసపు కవచం ఉన్న సోడియం అయోడైడ్ గామా డిటెక్టర్, మల్టీచానల్ ఎనలైజర్ (గామాలను శక్తినిబట్టి చానళ్లుగా వేరుచేసి లెక్కపెట్టేది), ఒకే సైజు మూత డబ్బాలు, 2 మిల్లీమీటర్ల జల్లెడ, ఓవెన్, తూకం, ఒక కిలో పొటాష్. ఎరువుల దుకాణంలో దొరికే ఎర్ర పొటాషే, మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఎందుకో తర్వాత చెబుతాను.

గీగర్ కౌంటర్ ఉంది, అది చాలదా అని అడగొద్దు. చాలదు. సీజియం గామా ఏదో, పొటాషియం గామా ఏదో దానికి తేడా తెలియదు. వరంగల్ ఊరంతా గ్రానైటు మీదే కూర్చుంది. కోట దగ్గరో పద్మాక్షి గుట్ట మీదో గీగర్ పెడితే అది కొట్టుకునేది రాతిలోని థోరియం, యురేనియం, పొటాషియంలకే.

1. ఏం కొలుస్తున్నారో ఒక వాక్యంలో రాసుకోండి

కిలో ఎండు మట్టిలో ఎన్ని బెకరల్స్ (సెకనుకు ఎన్ని క్షయాలు) అన్నది గాఢత. చదరపు మీటరు నేల కింద మొత్తం ఎన్ని బెకరల్స్ అన్నది నిల్వ. కొబ్బరిలోనో ఆకులోనో ఎంత అన్నది చెట్టుకు అందిన భాగం. ఈ మూడూ మూడు వేర్వేరు వేగాలతో తగ్గుతాయి. మొదట్లో చెప్పిన ఎనిమిదిన్నర ఏళ్లు ఈ మూడో రకం. రోంగెలాప్, బికినీ, ఎనివెటాక్ చెట్ల ఆకుల్లో, కొబ్బరికాయల్లో, మొగలి జాతి పండ్లలో ఏళ్ల తరబడి కొలిచి తేల్చిన సగటు అది. దాన్ని తెచ్చి 'మట్టి హాఫ్ లైఫ్' అని రాస్తే వైవాలో దొరికిపోతారు.

2. పట్టిక వేయండి

ప్రతి వరుసలో ఇవి ఉండాలి: దీవి పేరు, చోటు, నమూనా తీసిన తేదీ, లోతు, విలువ, యూనిట్, అన్నిటికంటే ముఖ్యంగా 'ఏ తేదీకి సరిదిద్దిన విలువ' అన్న గడి. పాత అమెరికన్ నివేదికల్లో గ్రాముకు పికోక్యూరీలు ఉంటాయి. వాటిని 37తో గుణిస్తే కిలోకు బెకరల్స్ వస్తాయి. తడి మట్టి లెక్కా, ఎండు మట్టి లెక్కా అన్నది కూడా చూడండి. రెండూ ఒకే పట్టికలో కలిపితే తర్వాత ఏం చేసినా దండగే.

ఆ 'సరిదిద్దిన తేదీ' గడిని ఖాళీగా వదలొద్దు. చాలా నివేదికల్లో ఎప్పుడో తీసిన నమూనాల విలువలన్నీ ఒకే తేదీకి క్షయం సరిచేసి ఇస్తారు. అది చూసుకోకపోతే ఏమవుతుందో 5వ దశలో తెలుస్తుంది.

3. పనికిరాని వరుసలు తీసేయండి

బుల్డోజర్ వచ్చిన చోట్లు ముందు తీసేయాలి. ఎనివెటాక్‌లో 1977 నుంచి 1980 వరకు కలుషిత మట్టిని తవ్వి, రునిట్ దీవిలో ఒక పాత పేలుడు గుంతలో వేసి, పైన కాంక్రీటు గుమ్మటం కట్టారు. అలా పైమట్టి గీకేసిన దీవిలో 'ముందు', 'తర్వాత' విలువలు పోల్చి, సీజియం ఎంత తొందరగా పోయిందో అని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు.

పొటాష్ చల్లిన చోట్లు కూడా తీయాలి. పగడపు మట్టిలో పొటాషియం చాలా తక్కువ. అందుకే చెట్టు పొటాషియం అనుకుని సీజియాన్ని లాగేసుకుంటుంది. పొటాష్ చల్లితే కొబ్బరిలో సీజియం బాగా పడిపోతుంది, మట్టిలో మాత్రం అలాగే ఉంటుంది. మన రైతులు వేసే ఎరువే అక్కడ మందుగా పనిచేసింది. కాయలో పడిపోయింది కదా అని మట్టిలోనూ పడిపోయిందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

మూడోది, పేలిన తొలి నెలల గీగర్ రీడింగులు. అప్పుడు వందల రకాల స్వల్పకాలిక పదార్థాలు ఉంటాయి. కాలం ఏడు రెట్లయితే రేటు పదో వంతుకు పడిపోతుందన్న పాత నియమం వాటికి, అదీ మొదటి ఆరు నెలలకు పనికొస్తుంది. దాన్ని దశాబ్దాల తర్వాతి మట్టికి వర్తింపజేయొద్దు.

4. పై పొరను చూసి మోసపోకండి

ఎక్కువ మంది తప్పేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం. కింది అంకెలు అభ్యాసానికి వేసుకున్నవి, ఏ దీవివీ కావు.

మొదటి కొలతలో 0–5 సెంటీమీటర్ల పొరలో కిలోకు 1000 బెకరల్స్, 5–10 పొరలో 200. పదేళ్ల తర్వాత పై పొరలో 500, కింది పొరలో 450. పై పొర ఒక్కటే చూస్తే పదేళ్లలో సగమైంది, హాఫ్ లైఫ్ పదేళ్లని రాసేస్తారు. మీకు వచ్చిన ఆ 'పదో' బహుశా ఇదే.

ఇప్పుడు నిల్వ లెక్క కట్టండి. ప్రతి పొరకు: కిలోకు బెకరల్స్ × ఘనపు మీటరు ఎండు మట్టి బరువు × పొర మందం మీటర్లలో. సాంద్రత 1000 కిలోలు అనుకుందాం. మొదట పై పొరలో 50,000, కింది పొరలో 10,000, మొత్తం చదరపు మీటరుకు 60,000. పదేళ్ల తర్వాత 25,000, 22,500, మొత్తం 47,500.

మరి క్షయం ఒక్కటే అయితే పదేళ్లలో 60,000 ఎంతకు దిగాలి? సుమారు 47,700కు. అంటే ఈ ఉదాహరణలో మట్టిలోంచి బయటకు పోయింది ఏమీ లేదు. పై నుంచి కిందికి జరిగింది, అంతే. హాఫ్ లైఫ్ పదేళ్లు కాదు, ముప్ఫై.

అందుకని పొరలవారీ కొలతలు ఉన్న డేటానే తీసుకోండి. మార్షల్ దీవుల్లో సాధారణంగా 0–5, 5–10, 10–15, 15–25, 25–40 సెంటీమీటర్ల పొరలుగా తీశారు. పొరలు లేకుండా పైమట్టి విలువ ఒక్కటే ఉంటే దాన్ని వాడొచ్చు గానీ, 'పై పొర గాఢత' అని పేరు పెట్టి వాడండి, 'మట్టి' అనకండి. సాంద్రతను కూడా ఊహించుకోవద్దు: పగడపు ఇసుకకు, పైన సేంద్రియ పదార్థం నిండిన నల్ల పొరకు చాలా తేడా ఉంటుంది.

5. లాగ్ తీసి వాలు కనుక్కోండి

మళ్లీ అభ్యాసపు అంకెలే. సున్నా ఏడాదిలో 1000, పదో ఏట 610, ఇరవయ్యో ఏట 380, ముప్ఫయ్యో ఏట 225. పక్క గడిలో సహజ లాగరిథమ్ తీయండి: 6.908, 6.413, 5.940, 5.416. స్లోప్ ఫంక్షన్ ఇస్తే మైనస్ 0.0495 వస్తుంది. 0.693ని 0.0495తో భాగిస్తే 14 ఏళ్లు. ఇది ఎఫెక్టివ్ హాఫ్ లైఫ్, అంటే ఆవిరీ చిల్లూ కలిపి.

చిల్లు ఒక్కటే కావాలంటే 0.0495లోంచి క్షయం రేటు 0.0230 తీసేయండి. 0.0265 మిగులుతుంది. 0.693ని దానితో భాగిస్తే 26 ఏళ్లు. దీన్ని ఎన్విరాన్‌మెంటల్ హాఫ్ లైఫ్ అంటారు. కొందరు 30లోంచి 14 తీసేసి 16 అని రాస్తారు. అలా చేయకూడదని మొదట్లోనే చెప్పాను.

మీ చేతి లెక్క సరిగా ఉందో లేదో ప్రచురితమైన అంకెలతో సరిచూసుకోండి. చెట్ల ఎఫెక్టివ్ హాఫ్ లైఫ్ 8.5 ఏళ్లు అంటే రేటు 0.0815. అందులోంచి 0.0230 పోతే 0.0585, అంటే 11.8 ఏళ్లు. పరిశోధకులు ప్రచురించింది 12 ఏళ్లు. మీ షీటులో 8.5 వేసి 12 దరిదాపుల్లో రాకపోతే ఫార్ములా ఎక్కడో తప్పింది.

ఇక 2వ దశలో చెప్పిన ముప్పు. విలువలు ముందే ఒకే తేదీకి సరిచేసినవైతే క్షయం అందులోంచి ఎప్పుడో వెళ్లిపోయింది. వాలు నేరుగా 0.0265 వస్తుంది. అది తెలియక మళ్లీ 0.0230 తీసేస్తే 0.0035 మిగిలి, హాఫ్ లైఫ్ 198 ఏళ్లవుతుంది. ఇలా వందల ఏళ్లలో జవాబు వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. దీనికి ఉల్టా పరీక్ష కూడా ఉంది: సరిదిద్దని విలువలతో చేస్తే ఎఫెక్టివ్ హాఫ్ లైఫ్ 30 ఏళ్లు దాటకూడదు. దాటిందంటే సీజియం తన క్షయం కంటే నెమ్మదిగా తగ్గుతోందని అర్థం, కొత్తగా ఎక్కడి నుంచో వచ్చి పడితే తప్ప అది జరగదు. చోట్లు మారాయో, తేదీలు కలిశాయో వెతకండి.

రెండే బిందువులతో గీత గీయొద్దు. దీవి మట్టిలో పది అడుగుల దూరంలోనే విలువ కొన్ని రెట్లు మారొచ్చు. ఒక ఏడు చెట్టు కింద, మరో ఏడు బాట పక్కన తీస్తే వచ్చిన తేడా కాలానిది కాదు, చోటుది. ఒక్కో ఏటికి చాలా నమూనాలు ఉంటే సగటు బదులు మధ్య విలువ వాడండి. ఒకటి రెండు మరీ పెద్ద అంకెలు సగటును లాగేస్తాయి.

6. స్ట్రాన్షియంతో సాక్ష్యం అడగండి

డేటాలో స్ట్రాన్షియం-90 కూడా ఉంటే మీ పంట పండినట్టే. దాని హాఫ్ లైఫ్ 28.8 ఏళ్లు, సీజియానికి దాదాపు సమానం. కాబట్టి క్షయం వల్ల ఈ రెండింటి నిష్పత్తి పెద్దగా మారదు, 33 ఏళ్లలో మూడు శాతం మాత్రమే. 1954లో నేల మీద పడ్డప్పుడు సీజియం–స్ట్రాన్షియం నిష్పత్తి ఎంతో, 1987లో బికినీ మట్టిలో ఎంతో పోల్చి చూశారు. నిష్పత్తి బాగా పడిపోయింది, అంటే సీజియం బయటకు పోయింది. ఈ పద్ధతిలో ఎన్విరాన్‌మెంటల్ హాఫ్ లైఫ్ 17 ఏళ్ల లోపే అని తేలింది. 'లోపే' అనడానికి కారణం ఉంది: స్ట్రాన్షియం కూడా కొంత భూగర్భ జలంలోకి పోతుంది, అలా పోయినంత మేర సీజియం నష్టం తక్కువగా కనబడుతుంది.

స్ట్రాన్షియం గామా ఇవ్వదు. మన డిటెక్టర్‌తో దాన్ని కొలవలేం, రసాయనికంగా వేరు చేయాల్సిందే. కాబట్టి ఇది డేటాతో చేసే పని మాత్రమే.

7. ల్యాబ్‌లో చేతులు అలవాటు చేసుకోండి

"లక్నవరం చెరువు మధ్య దీవుల మట్టి తీస్తే దీవి మట్టి అవుతుందా?" అని ఒకరు సీరియస్‌గానే అడిగారు. చుట్టూ నీళ్లుంటే సరిపోదు. పగడపు దీవి నేల అంతా కాల్షియం కార్బొనేట్, అందులో బంకమన్ను దాదాపు లేదు. అందుకే అక్కడ సీజియం వదులుగా ఉండి వానతో దిగిపోతుంది. మన నేలల్లోని అభ్రకం జాతి బంక పొరల అంచుల్లో అది ఇరుక్కుంటే ఓ పట్టాన బయటకు రాదు. కాబట్టి అక్కడి 12 ఏళ్లను ఇక్కడికి, ఇక్కడి అంకెను అక్కడికి మోయకూడదు.

అయినా కొలిచే పద్ధతి నేర్చుకోవడానికి మన మట్టి పనికొస్తుంది. 1950లు, 60ల వాతావరణ పరీక్షల ధూళి ప్రపంచమంతా పడింది, ఇక్కడా కొద్దిగా ఉంది. కావలసింది అప్పటి నుంచి దున్నని, మొరం పోయని, కోసుకుపోని చదును నేల. ఇది అనుకున్నంత సులువుగా దొరకదు. చల్కా చేలల్లో నాగలి, ట్రాక్టరు పొరలన్నీ కలిపేసి ఉంటాయి. కాలేజీ మైదానాల్లో మొరం పోసి ఉంటారు. చెరువు పూడికలో 1963 నాటి ధూళి గరిష్ఠ పొరను వెతుకుదామంటే, మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో ఆ పొర పొలాల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. ఊరి పెద్దలను అడిగి పాత చోట్లు పట్టుకోండి, స్థలం వాళ్ల అనుమతి తీసుకోండి.

మట్టిని 105 డిగ్రీల దగ్గర బరువు మారనంత వరకు ఎండబెట్టి, జల్లించి, డబ్బాలో ప్రతిసారీ ఒకే ఎత్తుకు నింపండి. ఎత్తు మారితే డిటెక్టర్ సామర్థ్యం మారుతుంది.

ఇప్పుడు పొటాష్ సంగతి. సహజ పొటాషియంలో కొంత పొటాషియం-40 ఉంటుంది, గ్రాము పొటాషియానికి సుమారు 31 బెకరల్స్. శుద్ధ పొటాషియం క్లోరైడ్ గ్రాముకు సుమారు 16. దాని గామా 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర స్పష్టమైన శిఖరం ఇస్తుంది. అంటే ఎరువుల దుకాణంలోనే మీకో పరీక్ష మూలం దొరికింది. శిఖరం ఏ చానల్లో పడిందో కొలతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి. మన మే నెల ఎండలకు ల్యాబ్ వేడెక్కితే శిఖరం జరుగుతుంది, కరెంటు పోయి వచ్చినా జరుగుతుంది. రాత్రంతా కౌంటింగ్ పెట్టి ఇంటికెళ్లే ముందు ఇన్వర్టర్ పనిచేస్తుందో లేదో చూసుకోండి. సామర్థ్యం కచ్చితంగా లెక్క కట్టడానికి మాత్రం ఎరువు కాదు, ల్యాబ్ గ్రేడ్ ఉప్పు వాడండి.

సీజియం శిఖరం 662 దగ్గర. దాని పక్కనే 609 దగ్గర రాతి యురేనియం సంతతి బిస్మత్-214 శిఖరం కూర్చుని ఉంటుంది, అదే బిస్మత్‌ది 665 దగ్గర చిన్నది ఇంకోటి. సోడియం అయోడైడ్ డిటెక్టర్ ఈ ప్రాంతంలో సుమారు 45 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పు మచ్చను ఇస్తుంది. అంటే 609, 662 ఒకదాని మీద ఒకటి పాకుతాయి, 665 సరేసరి. 662 దగ్గర ఎత్తు కనిపించగానే సీజియం దొరికిందని సంబరపడొద్దు. అదే చోట ఒక మీటరు లోతు నుంచి తీసిన మట్టిని కూడా కొలవండి. బాంబు ధూళి అంత లోతుకు వెళ్లదు. అక్కడా అంతే ఎత్తు వస్తే మీరు చూసింది గ్రానైటునే. వీలైతే జర్మేనియం డిటెక్టర్ ఉన్న చోట ఒక్క నమూనా అయినా సరిచూపించుకోండి, ఈ గొడవంతా పోతుంది.

8. 'లేదు' అని రాసే ముందు

ఎంత తక్కువ వరకు చూడగలరో లెక్క కట్టండి. శిఖరం కింద నేపథ్య కౌంట్ల వర్గమూలాన్ని 4.65తో గుణించి 2.71 కలపండి. ఉదాహరణకు పది గంటల్లో 36,000 నేపథ్య కౌంట్లు వస్తే 885. దాన్ని సామర్థ్యం (2 శాతం అనుకుందాం) × 0.85 (సీజియం క్షయాల్లో 662 గామా ఇచ్చే వంతు) × 36,000 సెకన్లు × అర కిలోతో భాగించండి. కిలోకు సుమారు 3 బెకరల్స్ వస్తుంది. మన ప్రాంతపు పాత ధూళి ఉండేది కూడా సాధారణంగా అలాంటి స్థాయిలోనే. కాబట్టి రిపోర్టులో 'సున్నా' అని ఎప్పుడూ రాయకండి, '3 కంటే తక్కువ' అని రాయండి. తర్వాత ఎవరైనా మీ అంకెను లాగ్ తీయబోతే సున్నాకు లాగ్ లేదు. ఆ వరుసను తీసేస్తే, బాగా తగ్గిన చోట్లే లెక్కలోంచి మాయమై, తగ్గుదల ఉన్నదానికంటే నెమ్మదిగా కనిపిస్తుంది.

రిపోర్టులో హాఫ్ లైఫ్ అంకె పక్కన నాలుగు మాటలు తప్పనిసరి: ఎఫెక్టివా ఎన్విరాన్‌మెంటలా, గాఢతా నిల్వా చెట్టా, ఏ లోతు వరకు, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు. దోష పరిమితి ఎక్సెల్‌లో లైన్‌ఎస్ట్ ఫంక్షన్ ఇస్తుంది, అది వాలుకు వస్తుంది. వాలు రెండు అంచులనూ విడివిడిగా హాఫ్ లైఫ్‌లోకి మార్చండి. రెండు వైపులా దూరం సమానంగా ఉండదు. 12 ఏళ్ల అంకెకు ప్రచురించిన పరిమితులు 11, 15 కావడం అందుకే, టైపింగ్ తప్పేమో అని దాన్ని 'సరిదిద్దకండి'.